మా అత్త ఆపిన ఓటు

దిల్‌సుఖ్‌నగర్‌లో బండి మీద కొన్న పచ్చి బొప్పాయికి కత్తి పెట్టగానే తెల్లటి పాలు కారి, ఆ వగరు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఎల్బీనగర్‌లో మా నాన్న బోరింగు పక్కన కూర్చుని ఓటు సిరా పోవాలని ఎడమచేతి చూపుడువేలికి ఆ పాలే రుద్దుకున్న పొద్దు నాకు గుర్తొస్తుంది.

మాది నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుటుంబం. అక్కడో ఓటు, ఇక్కడో ఓటు ఉండటం మా వీధిలో తప్పేమీ కాదు, రెండు జతల చెప్పులున్నట్టే. ఆ ఎండాకాలం ఊళ్లో పంచాయతీ ఎన్నికలైన కొన్నాళ్లకే ఇక్కడ మున్సిపాలిటీవి వచ్చాయి. డిగ్రీ చదువుతున్న మా మేనత్త సుజాత, తోటివాళ్లతో కలిసి కాలనీ కుర్రాడొకణ్ని కౌన్సిలర్‌కు నిలబెట్టింది. వాకిలంతా ఉడికిన మైదా జిగురు, పోస్టర్ల రంగు వాసన, మామిడి ముక్కలకు ఉప్పుకారం అద్దుకు తింటూ వాళ్ల వాదనలు, "ఆడిపిల్లకు గీ లొల్లి ఎందుకే" అని నాయనమ్మ సణుగుడు. వాళ్ల పట్టు ఒకటే, దొంగ ఓటు పడనివ్వకూడదు.

పోలింగు రోజు బడిగదిలో అత్త ఏజెంటుగా కూర్చుంది. ఊరి సిరా వేలితో వచ్చినవాళ్లను ఆఫీసరుకు చూపించి వచ్చినట్టే వెనక్కి పంపిస్తోంది. అంతలో నాన్న నా చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన ఓటు అత్త మనిషికేనని అందరికీ తెలుసు. వేలు ఎర్రగా కందింది గానీ, గోటి మొదట్లో నలుపు పోలేదు.

"ఏం సుజాతా, గిప్పుడు నోరు లేస్తలేదేంది?" ఎదుటి పార్టీ ఏజెంటు, మా వీధి కిరాణా కొట్టు యాదగిరి నవ్వాడు. "మీ అన్న వేలు పాక్‌సాఫా, మచ్చ లేదా?"

నాన్న అత్త వైపు చూడలేదు. నా చెయ్యి నలిగేట్టు పట్టుకున్నాడు.

అత్త లేచింది. "సార్, ఈయన ఊర్ల ఓటేసొచ్చిండు. వేలు సూడుండ్రి. మా అన్ననే."

ఆఫీసరు వేలు చూసి పొమ్మన్నాడు. పోలీసుకు అప్పగించలేదు, అదే పదివేలు.

"ఇంట్ల అన్నం తిని అన్ననే పట్టిచ్చింది!" అన్నారు క్యూలో పెద్దమనుషులు. ఇప్పటి పిల్లలకు ఎన్నికలు పట్టవని నీతులు చెప్పేది కూడా వీళ్లే.

సాయంత్రం అత్త పెట్టిన కంచం నాన్న ముట్టలేదు.

"నిన్నిడిసి ఇంకొకల్లనెట్ల ఆపుత అన్నా?" అంది అత్త.

కాలనీ కుర్రాడు ఓడిపోయాడు. మళ్లీ ఎన్నికలొచ్చేలోగా నాన్న ఊరికి పోయి అక్కడి ఓటు తానే తీసేయించుకున్నాడు. ఆ సంగతి మాత్రం అత్తకు నేరుగా చెప్పలేదు, నాతో చెప్పించాడు.

మొన్న నేనూ ఓటుకు వెళ్లాను. పెంకుటిళ్లున్న చోటల్లా అపార్టుమెంట్లు లేచాయి, వీధి వీధంతా ఒకరినొకరు ఎరిగిన రోజులు పోయాయి. ఏజెంటు కుర్చీలో ఆవులిస్తున్నది మా పై అంతస్తు అమ్మాయే, అప్పటి అత్త వయసే. ఆఫీసరు నా పేరు గట్టిగా చదివినా తల ఎత్తలేదు. నా బదులు ఇంకెవరొచ్చి నా ఓటు వేసిపోయినా ఆ పిల్లకు ఒకటే.