ఉప్పునీళ్లలో కడిగిన ద్రాక్ష

కోవెంట్రీలో మా ఆఫీసు మేనేజర్ రిటైరవుతూ పోయినవారం అందరికీ ఎర్ర వైన్ పోశాడు. కాస్త మడ్డిగా, అడుగున నలుసులతో ఉన్న ఆ సీసా మీద ఏమీ కలపలేదని, ఏమీ తీసెయ్యలేదని గొప్పగా రాసుంది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే పులిసిన ద్రాక్షతొక్కల వాసన, దాని వెనకే తడిసిన చెక్క వాసన. నేను తాగలేదు. కారు నడపాలి కాబోలు అనుకున్నారు అందరూ. ఆ వాసన నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచీ తెలుసు.

అప్పుడు మేము లీసెస్టర్‌లో ఉండేవాళ్లం. మా ఇంటి వెనక కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్ అద్దెకిచ్చే చిన్న చిన్న మళ్లు ఉండేవి. మా మడి పక్కది వీటో అంకుల్‌ది. కుర్రతనంలో ఇటలీ దక్షిణాన ఏదో కొండ ఊరి నుంచి వచ్చి ఇటుకల ఫ్యాక్టరీలో నడుం అరగదీసుకున్న మనిషి. ఆయన షెడ్డు గోడ మీది ద్రాక్షతీగ ఆ ఊరి నుంచి కోటుజేబులో తెచ్చిన కొమ్మ. అది కాసేది నాలుగే గుత్తులు గనక, వైన్‌కు ఏటా అక్టోబరులో ఆ ఊరి నుంచే లారీలో పెట్టెలు తెప్పించేవాడు. మా ఊరి ద్రాక్షను తొక్కి వదిలేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది అనేవాడు. యీస్ట్ పొట్లాలు కొనేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

ఆ ఏడు తమ్ముడు పుట్టాడని మా అమ్మవాళ్లమ్మ, అవ్వ, ఆరునెలల వీసా మీద వచ్చింది. తాడిపత్రి దగ్గర నల్లద్రాక్ష తోటలో నలభయ్యేళ్లు బతికిన మనిషి. రాతికూసాల మీద అల్లిన పందిరి, మండుటెండలోనూ దాని కింద చల్లగా ఉండే మట్టి, కోతలప్పుడు మోచేతుల దాకా అంటే బంక, మైలుతుత్తం కలిపి కలిపి నీలం తిరిగిన తాత గోళ్లు, ఇవన్నీ నేను చూసినవాటికంటే ఆమె చెప్పగా విన్నవే ఎక్కువ. ఇంగ్లీషు ముక్క రాకపోయినా వీటో అంకుల్ తీగను చూసిన రెండోరోజే కత్తెర అడిగి, అడ్డదిడ్డంగా పెరిగిన రెమ్మలన్నీ తీసేసింది. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా దుబాసీని నేను.

పెట్టెలొచ్చిన రోజు ఆయనకు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్. వెళ్తూ వెళ్తూ నాతో, "టెల్ గ్రానీ, నో వాష్. ఓన్లీ లీవ్స్," అన్నాడు. ఆకులు ఏరితే చాలు, కడగొద్దని. సరేనన్నాను. గేటు అవతల చెట్టు కింద కాంకర్లు రాలున్నాయి. దారం కట్టి ఒకదానితో ఒకటి కొట్టి ఆడుకునే నిగనిగలాడే గోధుమరంగు కాయలు, ఆలస్యమైతే పక్కవీధి పిల్లలు ఏరుకుపోతారు. వచ్చాక చెప్పొచ్చులే అని పరిగెత్తాను. జేబులు నింపుకుని వచ్చేసరికి పన్నెండు పెట్టెల ద్రాక్షా టబ్బుల్లో, ఉప్పునీళ్లలో తేలుతోంది.

"ఆ తెల్లబూడిద సూసినావా? అంతా మందే. కడక్కుండా తొక్కితే ఆయప్ప కాళ్లు ఏం గావాల?" అంది అవ్వ, మేలు చేసిన సంతోషంతో చేతులు తుడుచుకుంటూ.

వాళ్ల తోటలో మందు కొట్టని గుత్తి ఉండేది కాదు. ఉప్పునీళ్లలో కడిగితేగానీ పిల్లల నోటికి అందనిచ్చేది కాదు. ఇది మాత్రం మందు కాదు, పండు మీద దానంతటదే పట్టే పొడి. రసాన్ని పులియబెట్టే యీస్ట్ కూడా పండు మీదే ఉంటుంది, కడిగితే పోతుంది. వీటో అంకుల్ వచ్చి, టబ్బులు చూసి, టోపీ తీసి ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. చెప్పావా అని నన్నడిగాడు. ఎస్ అన్నాను.

"ఏమంటాండాడే?"

"కడక్కూడదంట అవ్వా."

"అయ్యో, చేతులూరుకోక చేస్తినే," అని ఆయనకు దణ్ణం పెట్టింది. నేను పక్కనే నిలబడి కాంకర్లు లెక్కపెట్టుకున్నాను.

ఆ ద్రాక్షనే తొక్కి పీపాలో పోశారు. వారమైనా రసం పొంగలేదు. ఆయన పొద్దున్నే వచ్చి పీపాకు చెవి ఆనించి వెళ్లిపోయేవాడు. యీస్ట్ కొందామని నాన్న అంటే తల అడ్డంగా ఊపాడు. ఎనిమిదోరోజు అవ్వ గోడ మీది ఆ నాలుగు గుత్తులూ చూపించి, "తోడెయ్యాల అని చెప్పు," అంది. ఈసారి వెంటనే చెప్పాను. వాటిని కడగకుండానే చిదిపి, గిన్నెలో వేసి, తన శాలువా కప్పి మా బాయిలర్ పక్కన పెట్టింది. నాలుగోనాటికి అది బుసబుసమంది. తీసుకెళ్లి పీపాలో పోస్తే, రెండురోజులకు షెడ్డంతా అదే వాసన. వీటో అంకుల్ ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు.

అయినా అవ్వ మునుపటిలా లేదు. కొత్తిమీర కడగాలా, బియ్యం కడగాలా అని ప్రతిదానికీ నన్ను, ఎనిమిదేళ్లదాన్ని, అడిగేది. వెళ్లేదాకా అడుగుతూనే ఉంది.

ఇప్పుడు ఆ మళ్లలో ఫ్లాట్లు లేచాయి. వీటో అంకుల్ పోయి చాలాకాలమైంది. తాడిపత్రి దగ్గర బోర్లెండి పందిరి తీసేశారు, రాతికూసాలు ఎవరి గోడల్లోనో కలిసిపోయాయి. అవ్వకు ఎనభై దాటాయి, మామ దగ్గర ఉంటోంది. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో చెప్పేశాను. కడగొద్దని ఆయన నాతో చెప్పి పంపాడని, నేనే నీకు చెప్పలేదని, చెప్పానని ఆయనతో అబద్ధమాడానని. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

"ఇన్నేండ్లూ ద్రాచ్చ సంగతి నాకేం తెల్సులే అనుకుంటాంటి గదే," అంది.

తర్వాత పక్కకు తిరిగి మామను కేకేసింది. "ఒరే, ఇట్ల రా. మళ్ల చెప్పవే. మొదుట్నుంచీ చెప్పు, వీడు గూడా వినాల."