ట్యాంకు అలారంతో నా పాట్లు

ఈ సోమవారం పొద్దున్న మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. నవ్వితే నవ్వండి, టీ మాత్రం మీద ఒలకబోసుకోకండి. ఇప్పుడు నేను రోజూ ఎనిమిదింటికి డాబా మీద స్టూలేసుకుని కూర్చుంటున్నాను. వ్యాయామానికి కాదు, ఎండకీ కాదు. అదొక శిక్ష!

గోపాలపట్నంలో మా అద్దె ఇల్లు మీకు తెలుసుగా. కింద మేం, పైన ఓనరు సూర్యనారాయణ గారు. అలాంటి ఇల్లు మళ్ళీ దొరకదు. మా ఆవిడ పద్మ పాఠాలు చెప్పే స్కూలు నడిచి వెళ్ళేంత దూరం. నాకు గుమ్మం ముందు బస్సెక్కితే పోర్టులో మా ఆఫీసు దగ్గర దిగడమే. ఒకటే తలనొప్పి. మా ట్యాంకేమో డాబా మీద, మోటారు స్విచ్చేమో మా వంటింట్లో. స్విచ్ వేయడం ఇద్దరికీ గుర్తుంటుంది, ఆపడం ఎవరికీ గుర్తుండదు. మొదటిసారి పొంగినప్పుడు ఓనరు గారి భార్య ఎండబెట్టుకున్న మినప్పప్పు కొట్టుకుపోయింది. రెండోసారి ఆయన దాచుకున్న పేపర్ల కట్ట తడిసి ముద్దయింది. అప్పుడాయన కిందికొచ్చి, గొంతైనా పెంచకుండా అన్నారు:

"సూడండి రాంబాబు గారూ, మీరు మంచోరే. కానీ ఇంకోపాలి ట్యాంకు పొంగిందంటే మాత్రం ఏరే ఇల్లు సూసుకోండి."

ఆయన వెళ్ళాక పద్మ అంది, "ట్యాంకు నిండడానికి నలభై నిమిషాలు. గడియారం చూసి ఆపితే చాలు కదండీ."

గడియారం చూసి ఆపడం ఎవడైనా చేస్తాడు! ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పెట్టుకున్న మనిషి చేసే పనేనా అది? "ఆదివారం కల్లా అలారం పెట్టేస్తా, చూస్తూ ఉండు" అన్నాను. మీకు తెలుసుగా, నాకు కాలేజీ రోజుల నుంచీ ఈ సర్క్యూట్ల పిచ్చి. ఇంట్లో నేను బాగుచేసిన రేడియోలు మూడున్నాయి. పాడేది ఒక్కటే, అది వేరే సంగతి.

అలారం అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, ఒక బ్యాటరీ, ఒక బజరు. బోర్డు వంటింట్లో ఉంటుంది. దాన్నుంచి పైకి రెండు వైర్లు. ట్యాంకు మూతి దగ్గర అడ్డంగా ఒక కర్ర, ఆ కర్రకి స్క్రూలతో బిగించి రెండు స్టీలు కడ్డీలు. నీళ్ళు పైదాకా వచ్చి ఆ రెండింటినీ తాకితే వాటి మధ్య కాస్తంత కరెంటు పాకుతుంది, కింద బజరు కుయ్‌మంటుంది. అంతే!

కర్ర మాత్రం మామూలుది పెడితే నీళ్ళ దగ్గర కుళ్ళిపోతుందని నాకు బెంగ. మా ఆఫీసులో నూకరాజుని అడిగాను. వాళ్ళది జాలరిపేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకెళ్తారు. మర్నాడే మూరెడు కర్ర పేపర్లో చుట్టి తెచ్చాడు.

"మా తాత తెప్పలోది బావా! ఇన్నేళ్ళు సంద్రంలో నానినా కుళ్ళనేదు. నీ ట్యాంకు దీనికో లెక్కేటి!"

ఎంత మురిసిపోయానో! బల్ల మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి పరీక్ష చేశాను. ముంచితే కుయ్, తీస్తే గప్‌చిప్. పద్మ చేత చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆదివారం సాయంత్రం ట్యాంకుకి బిగించేశాను.

మర్నాడు పొద్దున్న మోటారు వేశామా, రెండు నిమిషాలకే కుయ్! పద్మ ఆపేసింది. నేను ఒంటి నిండా సబ్బుతో ఉన్నాను. కొళాయి తిప్పితే గాలి. పైకి వెళ్ళి చూస్తే ట్యాంకు అడుగున చెంబెడు నీళ్ళున్నాయి. మధ్యాహ్నం ఎండెక్కాక అదే నోరుమూసుకుంది. మర్నాడు ముసురు పట్టింది. ఇక రోజంతా ఒకటే ఏడుపు!

బోర్డు విప్పి సంచిలో వేసుకుని కంచరపాలెంలో టీవీ మెకానిక్ అప్పారావు దగ్గరికి పరిగెత్తాను. అప్పారావు చెయ్యి తిరిగినవాడు. టీవీ వెనక మూత తియ్యకుండానే రోగం చెప్తాడు. నా బోర్డు కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, వేళ్ళు తడిచేసి రెండు వైర్లూ పట్టుకున్నాడు. కుయ్! తుడుచుకుని పట్టుకున్నాడు. చప్పుడు లేదు.

"బోర్డు బాగానే ఉంది బావా. దీనికేటీ నేదు."

"లేకపోతే ఇంట్లో ఎందుకు ఏడుస్తోంది?"

"నీ తృప్తి కోసం ట్రాన్సిస్టర్లు మార్సేత్తాను, పట్టుకెల్లు."

మార్చాడు. ఇంటికొచ్చి బిగిస్తే మళ్ళీ కుయ్! రెండోసారి వెళ్తే సోల్డరింగంతా కొత్తగా చేశాడు. షాపులో బుద్ధిగా ఉంది, ఇంట్లో మళ్ళీ అదే గోల. మూడోసారి సంచి తీయబోతుంటే అప్పారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోర్డు కాదు బావా, మార్సాల్సింది నిన్ను."

నాకు ఒళ్ళు మండింది. దీని సంగతి తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇతనొక్కడేనా అని తిన్నగా నెట్ సెంటరుకి పోయాను. ఇంటర్నెట్‌లో ఎలక్ట్రానిక్స్ పిచ్చోళ్ళ ఫోరం ఒకటుంది. ఏ దేశం నుంచో ఎవరో ఒకరు జవాబిస్తారు. ఫోటో పెట్టడం నాకు రాదు. గీతలూ చుక్కలూ టైపు చేసి గంటసేపు సర్క్యూట్ బొమ్మ గీశాను. పంపాక చూస్తే గీతలన్నీ పక్కకి జరిగిపోయి చెరిగిన ముగ్గులా ఉంది. అయినా పాపం ఒక పెద్దమనిషి ఓపిగ్గా రాశాడు: "బోర్డు ఒక్కటే కాదు, మొత్తం అమరిక ఎలా ఉందో చెప్పు. కడ్డీలు దేనికి బిగించావు?"

చూడండి, ఎంత చక్కటి ప్రశ్నో! నేనేం రాశానో తెలుసా? "కడ్డీల గురించి మీకు బెంగ అక్కర్లేదు. అవి చాలా గట్టి కర్రకి ఉన్నాయి. దయచేసి సర్క్యూట్ మీద దృష్టి పెట్టండి."

ఆయన మళ్ళీ కనబడలేదు.

ఇలా రెండు వారాలు. బజరు మోగడం, "ఆపనా?" అని పద్మ అడగడం, "ఆపకు, అది అబద్ధం" అని నేను అరవడం, వెళ్ళి బ్యాటరీ పీకడం, ఆపైన గడియారం చూసుకుని మోటారు ఆపడం. నా చేయి నిద్రలో కూడా బ్యాటరీ పీకేసే స్థితికి వచ్చింది. పద్మ మాత్రం గడియారం వైపు రోజూ ఒకసారి చూసేది, నేను చూస్తుండగా.

మొన్న ఆదివారం విసుగొచ్చి కర్రతో సహా మొత్తం విప్పి గుమ్మంలో పరిచాను. అప్పుడే నూకరాజు వాళ్ళమ్మ పోలమ్మ చేపల బుట్టతో వచ్చింది. ఆదివారం ఆదివారం మా వీధికొస్తుందావిడ.

"ఏటి బాబూ, ముసుర్లో కర్రని ఎండబెడతన్నావు?"

నా గోడంతా చెప్పాను. ఎండలో ఊరుకుంటుంది, ముసురుకి ఏడుస్తుంది అన్నాను. ఆవిడ బుట్ట దించి, కర్ర మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు! మా మావ తెప్పలోది కదేటి ఇది? ముసురెట్టిందంటే ఉప్పు సెమ్మ లాగేత్తాది బాబూ, ఎంత తుడిసినా తడే. మాం పొయ్యిలోకే ఎట్టం దీన్ని. నువ్వు ట్యాంకు మీదెట్టీసినావా?"

నేనూ నాకి చూశాను. ఉప్పే!

ఉప్పునీళ్ళలో కరెంటు ఎంత హాయిగా పారుతుందో స్కూల్లో ఒకసారి, కాలేజీలో ఒకసారి చదువుకున్నవాణ్ణి. చెమ్మెక్కిన ఉప్పు కర్రకి పక్కపక్కన రెండు కడ్డీలు బిగించి, బోర్డుని సంచిలో వేసుకుని ఊరంతా వైద్యానికి తిప్పాను. కర్రని ఒక్కసారైనా తీసుకెళ్ళలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పోలమ్మ దగ్గర రెండు కిలోల చేపలు ఎక్కువ తీసుకున్నాను, నూకరాజుకి చెప్పొద్దని బతిమాలి.

వెంటనే ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి కడ్డీలు దానికి బిగించాను. మోటారు కాసేపు వేసి చూశాను, బజరు కిమ్మనలేదు. చేత్తో నీళ్ళు తెచ్చి కడ్డీలు తడిపితే కుయ్! విజయం!

ఇక సోమవారం. వారం ముసురు తర్వాత ఎండ కాసింది. పద్మ మోటారు వేసి వంటలో పడింది. నేను ఫోరంలో పెట్టడానికి కాగితం మీద రాసుకుంటున్నాను: "సమస్యను నేనే కనిపెట్టి పరిష్కరించాను." పోలమ్మ పేరు రాయలేదు. ఆ బుద్ధికి శిక్షే అనుకుంటాను తర్వాత జరిగింది.

ఇరవై నిమిషాలైనా కాలేదు, కుయ్!

"ఏవండీ, ఆపనా?"

"ఆపకు! మళ్ళీ మొదలైంది దరిద్రం!" అని వెళ్ళి బ్యాటరీ పీకేశాను. ముందురోజు పరీక్ష కోసం నేనే సగం ట్యాంకు నింపి పెట్టానన్న సంగతి గుర్తుంటే కదా! పీకేసి, కాఫీ తాగుతూ, ఈసారి ఏ రెసిస్టరు మార్చాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

పైనుంచి ధబధబా అడుగుల చప్పుడు. గుమ్మంలో సూర్యనారాయణ గారు. చేతుల్లో నీళ్ళోడుతున్న దూది పరుపు. ముసురు తర్వాత మొదటి ఎండ కదాని డాబా మీద వేసుకున్నారట. నడుం నొప్పికి ఆయన ప్రత్యేకంగా కుట్టించుకున్న పరుపది. ఇల్లు పోయింది అనుకున్నాను.

"అలారం మోగింది కదండీ? నాకు పైకి ఇనబడింది. మీకు ఇనబడనేదా?"

"వినబడిందండీ."

"మరి?"

"నమ్మలేదండీ."

ఆయన పరుపు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆపుకోలేక నవ్వేశారు. పద్మ అంతకుముందే చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వే మమ్మల్ని ఆ ఇంట్లో ఉంచింది. కానీ ఊరికే ఉంచలేదు. షరతు పెట్టారు. మోటారు వేసినంతసేపూ నేను ట్యాంకు పక్కనే కూర్చోవాలి. నిండగానే కిందికి కేకెయ్యాలి.

అదండీ సంగతి. ఇప్పుడు ఆ ఇంటికి వాటర్ అలారం నేనే. రోజూ ఎనిమిదింటికి పైకెక్కుతాను, నీళ్ళు కడ్డీల దాకా రాగానే "పద్మా, నిండింది! ఆపేయ్!" అని వీధంతా వినబడేలా మోగుతాను.

కిందనుంచి పద్మ రోజూ ఒకటే అడుగుతుంది: "నిజంగా నిండిందా, మళ్ళీ మొదలైందా?"