రాములు చెవుల కోసం ఏటికొప్పాక

చోడవరంలోని మా పుట్టింట్లో ఒక మామూలు ఉదయం నాకు బాగా గుర్తు. చెరకు తోటకి నీళ్ళు కట్టే వంతు మాది. ఇంకా తెల్లవారలేదు. వసారాలో గోనెపట్టా మీద పెద్ద తమ్ముడు రాములు గుర్రుపెడుతున్నాడు. అమ్మ పేడచేతులు కడుక్కుని వచ్చి, రోజూలాగే వాడి కుడి చెవి పట్టుకు లాగింది. వాడివి చేటచెవులు. లేపడానికి వీలుగా దేవుడే అలా ఇచ్చాడనేది అమ్మ.

"లెగరా గుంటడా! నీళ్ళు పక్కోడి మడిలోకి పోతన్నాయి."

వాడు కళ్ళు తెరవలేదు. "ఆ సెవి నువ్వుంచీసుకోయే అమ్మా. నన్నొగ్గీ," అని విడిపించుకోబోయాడు.

తరవాత వాడు పటాలంలో చేరాడు. సింగపూరులో జపాను వాళ్ళకి చిక్కాడు. యుద్ధం అయ్యాక, ఖైదులోనే పోయాడని సర్కారు కాగితం వచ్చింది. అమ్మ నమ్మలేదు. "సేతికేటీ అందకుండా పోయేడంటే నానెలా నమ్మీది?" అని కర్మ చెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఆమెకి కళ్ళు కూడా కనబడవు. అమ్మ పోయేలోపు తన కొడుకుని తనే సాగనంపాలని నేను రోజూ సింహాద్రి అప్పన్నకి మొక్కుకునేదాన్ని. పటం గీయిస్తే ఆమెకి ఏం లాభం? చేత్తో తడిమేది కావాలి. అందుకే వాడి బొమ్మ చేయించడానికి చిన్న తమ్ముడు సూరిబాబుని తీసుకుని లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకి బయలుదేరాను.

పొద్దున్న ఏడింటి బస్సుకి అనకాపల్లి వెళ్ళాం. ఛార్జి తలా ఆరణాలు. ఒళ్ళో కోడిపెట్ట ఉంటే ఆ ఆరణాల్లోనే దానికీ చోటు. అక్కడ పాసింజరు రైలెక్కి నర్సీపట్నం రోడ్డులో దిగాం. స్టేషను బయట జట్కావాడు రూపాయి అడిగి ముప్పావలాకి ఒప్పుకున్నాడు.

"బొమ్మలకేనామ్మా? ఎవులికి?" అన్నాడు.

"మా తమ్ముడికి," అన్నాను.

వాడు వెనక్కి తిరిగి, నలభై దాటిన సూరిబాబుని మీసాల నుంచి చెప్పుల దాకా చూశాడు. "ఈ బాబుకేనా?"

ఊరొచ్చేదాకా సూరిబాబు నాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

వరాహనది గట్టున చద్దన్నం మూట విప్పి తిని, ఊళ్ళోకి నడిచాం. ఒక పాకలో బొమ్మలాయన అంకుడు కర్రని తరిణి మీద గిరగిరా తిప్పుతూ రంగులక్క అద్దుతున్నాడు. సంగతి విని ఫొటో అడిగాడు. పటాలం వాళ్ళందరూ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటే మా దగ్గర ఉంది. అందరివీ ఒకటే టోపీలు, వాటి కింద బియ్యపు గింజల్లాంటి ముఖాలు.

"ఇందులో మీవోడు ఎవుడండీ?"

సూరిబాబు రెండో వరస చూపించాడు. నేను మూడో వరస చూపించాను.

"అప్పా, ఆడికి గడ్డముందే!" అన్నాడు తమ్ముడు.

"నాకు వీడే."

బొమ్మలాయన తల గోక్కున్నాడు. "ఇద్దర్నీ సేసీమంటారా? అయినా మా కాడ మొకాలన్నీ ఒకటేనండి. కిరీటం ఎడితే రాజు. టోపీ ఎడితే సిపాయి."

"చెవులు పెట్టు నాయనా. పెద్దవి," అన్నాను.

"సెవులా! తరిణి మీద గుండ్రంగా తిరిగినోడికి సెవులెక్కడివమ్మా? మా రాజులికే నేవు!"

"రాజులకి లేకపోతే పోయె. మా వాడికి ఉండాలి."

విడిగా చెక్కి లక్కతో అతికిస్తానన్నాడు. కొలతకి సూరిబాబుని పీట మీద కూర్చోబెట్టి చెవి పట్టుకున్నాడు. "కదలకండి బాబూ." దారిన పోయే ఆడవాళ్ళు ఆగి, ఈయన ఏం తప్పు చేశాడో అని అడిగారు. "ఇంతకి రెండింతలు చెయ్యి," అన్నాను.

బొమ్మ పూర్తయ్యాక బయలుదేరి, దీపాలవేళకి ఇల్లు చేరాం. బొమ్మని అమ్మ చేతుల్లో పెట్టాను. ముందు టోపీ తడిమింది. తరవాత సొరకాయలాంటి పొట్ట. "జపానోళ్ళు బాగానే మేపేరే!" అంది. సూరిబాబుకి నవ్వాగలేదు. తరవాత ఆమె వేళ్ళు పైకి పాకి కుడి చెవి దగ్గర ఆగాయి. పట్టుకుంది. లాగింది.

టప్పుమని చెవి ఊడి చేతిలోకి వచ్చింది.

అమ్మ పిడికిలి మూసింది. కాసేపటికి నవ్వింది. ఆ నవ్వులోనే కన్నీళ్ళు కారాయి.

"ఉంచీసుకోమన్నాడు కదే. ఒగ్గీమన్నాడు. నానే ఒగ్గనేదు."

ఇన్నేళ్ళూ నేను మొక్కిన మొక్కుల్లో లక్క సరిగ్గా అతకకూడదన్న మొక్కు ఒక్కటీ లేదు. ఏం అడగాలో మనకి తెలియదని దేవుడికి తెలుసు కాబోలు.

ఏటికొప్పాక వెళ్ళేవారికి ఒక మాట. బొమ్మకి చెవులు పెట్టిస్తే, లక్కతో సరిపెట్టక లోపల కర్రమేకు కూడా కొట్టమనండి. మేం మాత్రం మళ్ళీ అతికించకూడదని ఆ సాయంత్రం అనుకున్నాం. ఒంటి చెవి రాములు దేవుడి గూట్లో దీపం పక్కన ఉంటాడు. రెండో చెవి అమ్మ కొంగుముడిలో ఉంటుంది. అమ్మ మాట మీదే, వచ్చే మహాలయ అమావాస్యకి సూరిబాబు వాడికి నీళ్ళు వదులుతాడు.