బస్తా ఎత్తిన ఇద్దరిలో ఒకణ్ని నేను

మా కాక తన ఇంట్లో, నిద్రలో చనిపోయాడని మిల్లు వాళ్లు కాగితం రాశారు. అబద్ధం. గురువారం పొద్దున పదకొండు గంటలకు, ఎల్లారెడ్డి రోడ్డు మీది రైస్ మిల్లు గోదాములో, వీపు మీద యాభై కిలోల బస్తాతో కూలిపోయాడు. దవాఖానకని ఆటో ఎక్కించాం. దారిలోనే ప్రాణం పోయింది. ఇంటికి తెచ్చాం. ఇంట్లో పడుకోబెట్టాం గనుక ఇంట్లోనే పోయాడట.

కాక అంటే రక్తసంబంధం లేదు. మా హమాలీ జట్టుకు పెద్ద. పదో తరగతి తప్పి కామారెడ్డి నుంచి పనికి వచ్చిన నాకు బస్తా మోయడం, వాదించడం రెండూ ఆయనే నేర్పాడు.

ఆయనకు చదువు రాదు. మధ్యాహ్నం సద్ది విప్పాక, మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన పేపర్ ముక్కను నా ముందుకు తోసేవాడు. "సదువురా, లోకం ఏమంటుందో." నూనె మరకల మధ్య అక్షరాలు ఏరుకుని చదివేవాణ్ని. తర్వాత జట్టును రెండుగా చీల్చేవాడు. సగం అమెరికా, సగం చైనా. మర్నాడు అటువాళ్లు ఇటు మారాలి. నేను మారనని మొండికేస్తే, "రోజూ ఒక్కని దిక్కే మాట్లాడెటోడు జీతగాడైతడు" అనేవాడు. చైనా గరీబుతనం పోగొట్టిందని ఒకడు, అమెరికాలో ఎవడైనా పైకొస్తాడని నేను అరుచుకుంటుంటే మధ్యలో వచ్చేవాడు. "ఆడ బస్తాలు మోసెటోడు ఉన్నడా లేడా? ఉంటే వాన్నడుగుండ్రి."

ఒకసారి ఒక యుద్ధం మీద మూడు రోజులు కొట్లాడుకున్నాం. లారీ డ్రైవర్ విని కడుపు పట్టుకుని నవ్వాడు. "అది ఆగి రెండు నెలలాయె కాకా! మీ బజ్జీలాయన పాత పేపర్లల్ల చుట్టిస్తున్నడు."

కాక బజ్జీ నములుతూనే, "ఆగింది వాళ్లకు. నూనె రేటు దిగిందా మరి?" అన్నాడు.

నాకూ, నాతో కలిసి బస్తా ఎత్తే నా జోడీకీ అసలు పడదు. ఒకరోజు నేనడిగాను: "అమెరికా, చైనా ఇద్దరూ గింత కొట్టుకుంటున్నరు గద కాకా, ఒకడు ఓడితె మనం బాగుపడమా?"

"మీ ఇద్దరికి పడ్తదా?"

"పడదు."

"పడకున్నా చెరో మూల పట్టి బస్తా లేపుతున్నరు గద. ఎక్కేది మూడోని వీపు మీదికి."

గురువారం మూడోవాడు ఆయనే. "ఆగుండ్రి, దమ్ము తీసుకోనీ" అన్నాడు. లారీ ఆగదని సూపర్‌వైజర్ అరిచాడు. మేం ఎత్తాం. నాలుగడుగులు వేశాడు.

ఏడుపు రావడం లేదు. అన్నం ముద్ద పట్టుకున్నా చేతికి ఏమీ తెలియడం లేదు.

మిల్లు యజమానికి చెబుతున్నాను. సోమవారం పొద్దున తొమ్మిది గంటల లోపు, మొదటి లారీ కాటా ఎక్కక ముందే, కాక గోదాములో పని మీదనే చనిపోయాడని రాసి, సంతకం పెట్టి ఆయన భార్య చేతికివ్వాలి. ఆగమన్నాడని, ఆగనివ్వలేదని రాయాలి. ఎత్తినవాళ్లుగా మా ఇద్దరి పేర్లూ రాయాలి. అప్పటిదాకా గోదాము తలుపు దగ్గర కూర్చుంటాం, నేనూ నా జోడీ, పక్కపక్కనే. ఆ బస్తా పడినచోటే ఉంది. దాని మూలలు ఎవరూ పట్టుకోలేదు.