తడి చొక్కా

నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే ఆమెను అందరూ కాగితాలక్క అంటారు. నెత్తుటి బట్ట దొరికితే నీడన ఆరబెట్టి కాగితం సంచిలోనే పెడుతుంది. ప్లాస్టిక్ కవరు కనబడితే విసిరికొడుతుంది. ఆమె తమ్ముడి నెత్తురంటిన హంతకుడి చొక్కాను అప్పట్లో ఎవరో తడిగానే కవర్లో మూటగట్టారు. అది బూజుపట్టి సాక్ష్యానికి పనికిరాకుండా పోయింది. వాడు నవ్వుతూ బయటికొచ్చాడు.

ఇవాళ మరో హత్యలో వాడే నెత్తుటి చొక్కాతో దొరికాడు. సంకెళ్లతో నిలబడి, "ఏమక్కా, ఈ చొక్కాకీ బూజు పట్టిస్తారా?" అన్నాడు. ఆమె చొక్కాను ఫ్యాను కింద వేలాడదీసి, గదికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుంది.

"ఇంటికెళ్లక్కా, అదే ఆరుతుంది," అన్నాడు పోలీసు ఫొటోగ్రాఫరు.

"అప్పటిదీ ఆరేదే, ఎవరైనా కాసేపు ఓపిక పట్టుంటే. నేను పడతా. వాడి మెడకి ఈ చొక్కాతోనే ఉరి బిగిస్తా."