పెద్ద చెవుల గబ్బిలాలు వచ్చిన వాన

నా చిన్నప్పుడు అచ్చంపేట దిక్కు మా గుట్ట మీద ఒక గుహ ఉండె. ఎండకాలం దాంట్ల చిన్న చిన్న గబ్బిలాలే అక్కడక్కడ యేలాడుతుండె. వానలు పడ్డయంటే ఎక్కడెక్కడి నుంచో పెద్ద చెవులయి, నక్కమూతియి, ఎర్రబొచ్చుయి వచ్చి గుహ పైకప్పంత నిండుతుండె. వాటి పెంట గంపల్ల మోసుకొచ్చి ఎరువుకు చెల్కల పోస్తుంటిమి. పిల్లలు పెట్టే వానకాలం మాత్రం ఎవ్వరం లోపలికి పోకపోతుంటిమి. మనిషి వాసనకు తల్లి బెదిరి పిల్లను జారిడుస్తదని మా అవ్వ అంటుండె.

పంట కాంగనే మా అమ్మ, బాపు మట్టిపనికి వలస పోతుండిరి. నేను అవ్వ కాడ. అమ్మ ఎప్పుడొస్తదని అడిగి అడిగి ఆమె పాణం తింటుంటి. "పెద్ద చెవులయి వచ్చినంక వస్తది. నన్నెందుకు సతాయిస్తవే, పోయి వాటినడుగు పో," అంటుండె. ఏటేటా గట్లనే వస్తుండె కూడ.

ఆ యేడు తొలివానకు ఉరికి గుహ మూతికాడ తొంగి చూసిన. పెద్ద చెవులయి వచ్చినయి. సంబరంతోని ఇంటికొస్తే బాపు ఒక్కడే గడపల కూసున్నడు. కాలువ తవ్వేకాడ మట్టిపెళ్ల కూలి అమ్మ మీద పడ్డదట. అక్కడనే మన్ను చేసిండ్రట.

అబద్ధం చెప్పినవని అవ్వను కొట్టిన. కొట్టనిచ్చింది. పొద్దుగూకేయాళ నన్ను చంకనేసుకొని గుట్టెక్కింది. నిరుడు పొగ లెక్క గుహల నుంచి లేసిన గబ్బిలాలు ఆ దినం పలుచగ లేసినయి.

"అవి గూడ అన్ని రాలే బిడ్డా. వస్తదనే అనుకున్న, నాకు గంతే ఎరుక. వచ్చినోడు మీ బాపు, పొద్దుగాల నుంచి ఏం తినలే. పా, ఆయనకు ఇంత అంబలి పోద్దువు గాని," అన్నది.

నా చేతులతోనే పోసిన. బాపు ముంత కింద పెట్టి అప్పుడు ఏడ్సిండు.

తెలంగాణ వచ్చినంక, బోరు ఎండిన యేడు, మా ఇంటాయన బిడ్డను తీస్కొని పట్నం పనికి పోయిండు. అక్కడి దవాఖానల పాణం పోయింది. పీనుగ వెంట నా బిడ్డ వచ్చింది. అందరు ఏడుస్తుంటే, పక్కింటామె తెచ్చిన బువ్వ కలిపి ముందు బిడ్డ నోట్ల పెట్టిన.

వచ్చినోళ్లకు పెట్టుడు అవ్వ కాడ నేర్చుకున్న. వానపడ్డనాడు తొవ్వ దిక్కు చూడకుంట ఉండుడే ఇప్పటికీ నాకు రాదు.