పాచిక పడితేనే అడుగు

మా మాస్టారు పాచిక వెయ్యనిదే అడుగు వెయ్యరు. ప్లాస్టిక్ లాంటి పదార్థాలతో చేసే సోలార్ సెల్స్‌లో కరెంటు ఎలా నడుస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా ల్యాబ్ పని. అందులో ఎలక్ట్రాన్ తిన్నగా పోదు. ఒక అణువు మీంచి ఇంకో అణువు మీదికి ఎటు పడితే అటు గెంతుతుంది. "దాని బాధ తెలియాలంటే దానిలాగే నడవాలి" అని మాస్టారు వరండా టైల్స్ మీద గెంతడం మొదలుపెట్టారు. ఒకటో రెండో పడితే ఎడమకి, మూడో నాలుగో పడితే కుడికి, ఆపైన పడితే ముందుకి.

దాంతో ఆయన ఏ మీటింగుకీ వేళకి వచ్చిన పాపాన పోలేదు. డైరెక్టరుగారు పిలిస్తే క్యాంటీన్లో తేలేవారు. "భోజనానికి పిలుస్తానా, వంటింటి గడప దాకా వచ్చి మళ్ళీ పెరట్లోకి పోతారు" అని వాళ్ళావిడ నా దగ్గర మొరపెట్టుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం మా కొత్తమ్మాయి డైరెక్టరుగారికి తన మోడల్ చూపించాలి. అది పనిచెయ్యకపోతే ఉద్యోగం ఊడినట్టే. పొద్దుటినుంచీ ఎన్నిసార్లు నడిపినా కరెంటు సున్నా.

"నావల్ల కాదక్కా, వెళ్ళిపోతాను" అంటూ బ్యాగు భుజాన వేసుకుంది.

అప్పుడే వరండాలో మాస్టారు పాచిక వేశారు. తలుపులోంచి చూశాను, ఐదు. తిన్నగా పోవలసిన మనిషి కుడికి తిరిగి మా గదిలోకి గెంతి, ఆ పిల్ల పక్క కుర్చీలో కూలబడ్డారు.

"ఎలక్ట్రాన్లాగే గుంటలో పడ్డానమ్మా, ఇప్పట్లో కదల్లేను. ఈలోగా నీ మోడల్ సంగతులు చెప్పు."

"చెప్పడానికేముంది సార్. ఎలక్ట్రాన్లు బయల్దేరుతున్నాయి, నడుస్తున్నాయి, కరెంటే రావట్లేదు."

"అవతలి కొస చేరాక ఏమవుతున్నాయి?"

"మళ్ళీ ఇవతలి కొసనుంచి..." ఆ పిల్ల ఆగిపోయింది. "అయ్యో, చేరినవాటిని లెక్కపెట్టకుండానే మళ్ళీ మొదటికి పంపేస్తున్నాను సార్."

"పాపం, అవి వస్తూనే ఉన్నాయి. నువ్వే హాజరు వెయ్యలేదు."

ఒక్క లైను దిద్దింది. గ్రాఫు లేచింది. నా ప్రాణం కూడా లేచొచ్చింది.

ఇంతలో మాస్టారిని వెతుక్కుంటూ డైరెక్టరుగారే వచ్చారు.

"మీకోసం గంటనుంచి చూస్తున్నామండీ."

"ఏం చెయ్యను, పాచిక ఇటు తెచ్చింది. వచ్చారుగా, ఈ అమ్మాయి మోడల్ చూడండి."

డైరెక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని తెరలోకి తొంగిచూశారు. "బాగుందమ్మా. రేపటినుంచి రెండో నమూనా మొదలుపెట్టు" అన్నారు. ఆ పిల్ల బ్యాగు దించి బల్ల కింద పెట్టింది.

నేను మాస్టారి చెవిలో గొణిగాను. "పడింది ఐదు కదండీ, నేను చూశాను."

"పాచికదేముందమ్మా. పక్కన పల్లం కనబడితే ఎలక్ట్రాన్ ముందు అటే గెంతుతుంది. మోడల్లో అదీ ఉందిగా."

పోయినేడాది నా ప్రోగ్రాం మొండికేస్తే, నేను ఏడుపుమొహంతో కూర్చున్న వారమంతా మాస్టారు నా పక్క కుర్చీలోనే పడి ఉన్నారు. ఆయనకి రోజూ మా గదివైపు తిప్పే అంకే పడుతోంది కాబోలని ఇన్నాళ్ళూ జాలిపడ్డాను.